మస్టర్ లేని పనిలో ఉన్న మనవరాలికి

బంగారు తల్లీ,

నీ హాస్టల్లో ఉండే పిల్లలకూ, బండి మీద సంచి కట్టుకుని హైదరాబాదంతా తిరిగే నీ తమ్మునికీ, వాని ఈడు పిల్లలకూ కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. మొన్న ఫోన్లో, నీ పక్కన కూర్చుని పనిచేసేవాళ్లు ఎలాంటివాళ్లమ్మా అని అడిగాను. "పక్కన ఎవరూ ఉండరు తాతా, ఎక్కువ రోజులు గదిలోంచే పని. మా టీములో సగం మంది మొహాలు నేను చూడనే లేదు. జీతం ఒక కంపెనీ ఏస్తది, పని ఇంకో కంపెనీ చెప్తది" అన్నావు. నువ్వు మామూలుగానే అన్నావు కానీ నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. నీ తెలివి మీద నాకు అనుమానం లేదు, నీ జీతం నా జీతం కంటే మెరుగైనదే. ఒంటరిగా పనిచేయడమన్నది మా తరానికి తెలియదు తల్లీ. పనికి పోవడమంటే పది మందిలోకి పోవడమే. బొగ్గుబాయి మాకు కూలితో పాటు ఆ పది మందినీ ఇచ్చింది. అదెట్లా వచ్చిందో, ఎట్లా చేజారుతున్నదో నీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మనది కుమ్మరిల్లని నీకు తెలుసు గానీ, సారె తిరగడం నువ్వు చూడలేదు. మా నాయిన మట్టి ముద్దను సారె మీద పెట్టి రెండు బొటనవేళ్లు లోపలికి నొక్కితే కుండ నోరు తెరిచేది. ఆ పనితనం గొప్పది. దాని చుట్టూ ఉన్న బతుకు మాత్రం గొప్పది కాదు. దొర గడీకి కుండలు ఊరికే ఇచ్చుకోవాలి. అధికారులు ఊళ్లో దిగితే వాళ్లకు నీళ్లు మోయాలి, వంట చేసిపెట్టాలి. చాకలివాళ్లకు ఇంకో రకం వెట్టి, మాదిగవాళ్లకు అందరికంటే బరువైన వెట్టి. ఎవరు ఏ పని చేయాలో పుట్టుకే తేల్చేది, ఆ పనికి ఏమివ్వాలో దొర తేల్చేవాడు. వెట్టి పోయాకైనా మా కుండలకు మంచిరోజులు వచ్చాయా అంటే, అప్పటికి ఇళ్లలోకి సిల్వర్ గిన్నెలు వచ్చేశాయి, వాటి వెనకే స్టీలు బిందెలు. ఆవం కాల్చినా కొనేవాళ్లు లేరు. అందుకే ఎవరైనా నా దగ్గర కూర్చుని కులవృత్తులన్నీ పోయాయని బాధపడితే నేను వాళ్లతో సగం దాకానే కలుస్తాను. చేతిలోని విద్య పోయినందుకు నాకూ దుఃఖమే. ఆ విద్య తప్ప ఇంకేదీ ముట్టకూడదన్న కట్టుబాటు పోయినందుకు దుఃఖం లేదు. నువ్వు కంప్యూటర్ ముందు కూర్చున్నావంటే ఆ కట్టుబాటు తెగబట్టే కదా, నూరేళ్లు హాయిగా కూర్చో.

మా పక్క ఊళ్లలో ఆ కట్టుబాటు నుంచి బయటపడే దారి బాయే అయింది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు దగ్గర బొగ్గు పొరలను గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కు తీసుకుంది. దగ్గరి ఊరి పేరు మీద సింగరేణి అనే మాట వచ్చింది, 1920లో కంపెనీకి ఆ పేరే పెట్టారు. తర్వాత కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, ఇట్లా గోదావరి పొడవునా బాయిలు పడ్డాయి. నేను అరవైల చివర్లో బదిలీ ఫిల్లర్‌గా చేరాను. ఎవరైనా నాగా పెడితే వాళ్ల స్థానంలో దిగడమే బదిలీవాని పని. తెల్లారకముందే బాయి గేటు దగ్గర నిలబడేవాళ్లం. పిలిస్తే కూలి, లేదంటే ఇంటికి. ఇప్పుడు నీ తమ్ముడు ఫోను చేతిలో పట్టుకుని ఆర్డర్ కోసం చెట్టు కింద నిలబడుతుంటే నాకు ఆ గేటే గుర్తొస్తుంది. తేడా ఒకటి ఉంది. మా గేటు దగ్గర పేర్లు పిలిచేవాడు మాకు తెలిసిన మనిషి, అతని ఇల్లు ఎక్కడో కూడా తెలుసు. అన్యాయం చేస్తే నలుగురం పోయి అడిగేవాళ్లం. నీ తమ్మునికి పేర్లు పిలిచే మనిషే లేడు.

ఫిల్లర్ పని ఎట్లా ఉండేదో చెప్తాను. మందుగుండు పేల్చాక పడిన బొగ్గును చెమ్మస్ అనే పారతో తట్టలోకి ఎత్తి, ఆ తట్ట మోసుకుపోయి టబ్బు నింపాలి. కూలి టబ్బుల లెక్కన. ఒక్కడితో అయ్యే పని కాదు, జంటగా చేయాలి. నా జంట ఒక మాదిగాయన. మా ఊళ్లో ఉంటే ఆయన మా వాకిట్లోకి రాడు, నేను ఆయన గూడేనికి పోను. బాయి లోపల, రెండు క్యాప్‌ల్యాంపుల వెలుతురులో ఒకే డబ్బా నీళ్లు తాగాం, ఒకరి టిఫిన్ ఒకరం తిన్నాం. పద్మశాలీలు, గౌండ్లవాళ్లు, గోండులు, ఉత్తరాది నుంచి వచ్చిన హిందీవాళ్లు అందరూ ఆ మసిలో ఒక్క రంగే. కానీ అంతా మారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. బాయి ఎక్కి స్నానం చేసి ఇంటికి పోయాక ఎవరి కులం వాళ్లకు గుర్తొచ్చేది. పెళ్లి పిలుపుల్లో, పంక్తి భోజనాల్లో పాత గీతలే. పాయిఖానాలు కడిగే పనికి పై కులంవాళ్లను పెట్టడం నేనైతే చూడలేదు. బాయి కులాన్ని షిఫ్టు అయ్యేదాకా పక్కన పెట్టించగలిగింది. అదీ చిన్న సంగతి కాదు తల్లీ, వందల ఏండ్లలో ఏ గుడీ చేయించలేని పని అది.

బాయి దిగేముందు దీపాల గది దగ్గర మా నంబరు ఉన్న బిళ్ల ఇచ్చి క్యాప్‌ల్యాంపు తీసుకునేవాళ్లం. షిఫ్టు దిగాక దీపం ఇచ్చేస్తే బిళ్ల తిరిగి చేతికొచ్చేది. ఒక బిళ్ల అక్కడే వేలాడుతుందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. అప్పుడు ఎవరూ ఇంటికి పోరు. లోపలికి పోయాక కప్పును కర్రతో కొట్టి చూసేవాళ్లం, డొల్లగా మోగితే ఆ కింద నిలబడకూడదు. నేను చెమ్మస్ పట్టి వంగితే నా జంట చెవి కప్పు మీదే ఉండేది, ఆయన వంగితే నా చెవి. మనిషికి మనిషి కాపలా. అంత కాపలా ఉన్నా పోయేవాళ్లు పోయారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అప్పటికి నేను రిటైరయ్యాను. అయినా ఆ రోజు కోల్‌బెల్ట్‌లో రిటైరైనవాళ్లూ, పని మానుకున్నవాళ్లూ అందరూ రోడ్ల మీదికి వచ్చి నిలబడ్డారు. లోపల ఉన్నది ఎవరి బిడ్డలో అడిగే పని లేదు.

ఆ నిలబడడం నుంచే మిగిలినవన్నీ వచ్చాయి. ఎవరైనా చనిపోతే జీతాల రోజు గేటు దగ్గర తువ్వాల పరిచేవాళ్లు, ఇంత వేసిపోవడమే, ఎంత వేశావని అడిగేవాళ్లు లేరు. ఆ తువ్వాల పట్టినవాళ్లే తర్వాత యూనియన్‌కు చందా రాశారు. అప్పట్లో 1926 నాటి చట్టం ప్రకారం యూనియన్ పెట్టుకోవడానికి దరఖాస్తు మీద ఏడుగురి సంతకాలు సరిపోయేవి. మాలో సంతకం రానివాళ్లు వేలిముద్రలు వేశారు, కొందరు రాత్రిబడిలో సంతకం నేర్చుకుని వచ్చి వేశారు. 1975 నుంచి జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలు మొదలయ్యాయి. దేశంలోని బొగ్గు కార్మికుల తరఫున యూనియన్లు కూర్చుని, ఇంత జీతం, ఇన్ని సెలవులు, ఇంత భత్యం అని యాజమాన్యాలతో రాయించుకున్నాయి. అటు ధన్‌బాద్‌లో తవ్వేవానికీ ఇటు మణుగూరులో తవ్వేవానికీ ఒకే కాగితం వర్తించింది. క్వార్టరు, ఆస్పత్రి, పీఎఫ్, ఏటా లీవులు, కొన్ని చట్టాలతో, కొన్ని ఒప్పందాలతో, అన్నీ అట్లా కొట్లాడితే వచ్చినవే. మీ నాయినను కాలేజీలో చేర్పించింది ఆ ఒప్పందమే, ఆయన నిన్ను చదివించగలిగిందీ దానివల్లే. కంపెనీ మంచిది గనుక ఇచ్చిందని ఎవరైనా నీకు చెబితే నమ్మకు బిడ్డా. ఎన్నో సమ్మెలు, కోతపడిన జీతాలు, పస్తులున్న ఇండ్లు దాని వెనక ఉన్నాయి.

బాయి బతుకు తీయనిదని నేననడం లేదు. పొడి పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయినవాళ్లు నా ఈడువాళ్లలో ఎందరో. జీతం రోజున సారా దుకాణం ముందు ఉండే గుంపు ఇంటికి సగం జీతమే తెచ్చేది, అప్పున్నవాళ్లను వడ్డీలవాడు గేటు దగ్గరే పట్టుకునేవాడు. మూడు షిఫ్టుల బాయికి మూడు షిఫ్టుల ఇల్లు కావాలి. మీ నాయనమ్మ రాత్రి షిఫ్టు దిగి వచ్చినవానికి నీళ్లు కాచి, పొద్దుటి షిఫ్టువానికి సద్దికట్టి, పగటిపూట నిద్రపోయేవాని కోసం పిల్లలను సప్పుడు చేయకుండా ఆడించింది. మస్టర్ అనే ఏ హాజరు పుస్తకంలోనూ ఆమె పేరు లేదు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు, 2019లో గానీ ఆ నిబంధన సడలలేదు. చట్టం సంగతి అట్లా ఉంచు, మా ఇండ్లలోనే ఆ ఆలోచన లేదు. వారసత్వ ఉద్యోగం గురించి మేము కొట్లాడాం, సమ్మెలు చేశాం. కొడుకు లేకుంటే అల్లుని పేరు రాద్దామనుకున్నాం గానీ బిడ్డ పేరు మా నోట రాలేదు. మీ మేనత్త లెక్కల్లో మీ నాయినకంటే దిట్ట. ఆమెను పదో తరగతితో ఆపిన వాణ్ని నేనే. ఇప్పుడు నువ్వు సంపాదిస్తుంటే ఆమె సంతోషపడుతుంది, నా మొహం వైపు చూసి ఒక్క మాట కూడా అనదు. అది నన్ను బాగా తాకుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి, లోపలి బాయిల్లోకి కూడా బొగ్గెత్తే యంత్రాలు వచ్చాయి. వాటిని నేను తప్పుపట్టను, తట్ట మోసిన నడుముకు ఆ యంత్రం విలువ తెలుసు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవాళ్లు, బొగ్గు ఏటా రెండు కోట్ల టన్నుల దరిదాపుల్లో వచ్చేది. ఇప్పుడు పర్మినెంటువాళ్లు నలభై వేల చుట్టూ ఉన్నారు, 2023-24లో వచ్చిన బొగ్గు ఏడు కోట్ల టన్నులు. మనుషులు సగానికంటే తగ్గారు, బొగ్గు మూడింతలు దాటింది. మట్టి తీసే పని, బొగ్గు మోసే లారీలు, ఊడ్చే పని, కాపలా పని ఒక్కొక్కటిగా కాంట్రాక్టర్ల చేతికి పోయాయి. అదే గేటు, అదే దుమ్ము, కానీ ఆ కాంట్రాక్టు కూలీల జీతం మా జీతంలో కొంచెమే. వాళ్లు జెండా పట్టుకుని నిలబడ్డప్పుడు మేము ఏం చేశామో తెలుసా? "వాళ్లు మనవాళ్లు కారు, కాంట్రాక్టువాళ్లు" అన్నాం. మా ఒప్పందం, మా బోనస్, మా లాభాల వాటా పదిలంగా ఉంటే చాలనుకున్నాం. టబ్బు దగ్గర కులం గీత దాటినవాళ్లమే గేటు దగ్గర కొత్త గీత గీశాం. ఆ గీతకు అటుపక్క నిలబడ్డవాళ్లు తర్వాత మా మనవళ్లే అయ్యారు. నీకు జీతం ఒక కంపెనీ, పని ఒక కంపెనీ అవడం ఎక్కడ మొదలైందని నువ్వడిగితే, మేము అప్పుడు తల తిప్పుకోవడం దగ్గర కూడా మొదలైందనే నేను అంటాను. మాది పెద్ద తప్పు తల్లీ. మీ తరం దాని వడ్డీ కడుతున్నది.

బెల్లంపల్లి పోయి చూస్తే నీకు అర్థమవుతుంది. ఒకప్పుడు సైరన్ మోగితే గడియారం సరిచేసుకున్న ఊరు. బాయిలు మూతపడ్డాక మనుషులు శ్రీరాంపూర్‌కూ, మంచిర్యాలకూ, హైదరాబాద్‌కూ పోయారు. ఊరు పాడైందని పాటలు కట్టినవాళ్లున్నారు. నాకు కనిపించేది మరొకటి. పని ఒక చోట ఉన్నప్పుడు ఆ పని చేసేవాళ్లు ఒక చోట ఉంటారు, ఒక హోటల్లో చాయ్ తాగుతారు, ఒకరి పిల్లలు ఇంకొకరి కండ్ల ముందు పెరుగుతారు. వాళ్లు ఒక సమ్మె చేయగలుగుతారు. తెలంగాణ కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి నెల రోజులకు పైగా ఆగిందంటే, కరెంటు లెక్కలు తారుమారయ్యాయంటే, ఆ చాయ్ హోటళ్ల బలమే అది. పని చెల్లాచెదరైతే ఆ బలం దానంతటదే కరిగిపోతుంది. ఎవరో కుట్ర చేయనక్కర లేదు.

ఇప్పుడు మీ సంగతి. 2020-21లో మన దేశంలో యాప్‌ల మీదా, ముక్కల పనుల మీదా బతికేవాళ్లు 77 లక్షల మంది అని నీతి ఆయోగ్ లెక్క వేసింది, 2029-30 నాటికి రెండు కోట్ల 35 లక్షలు అవుతారని అంచనా కట్టింది. సింగరేణి మొత్తం చరిత్రలో పనిచేసినవాళ్లందరినీ కలిపినా ఇందులో ఒక మూలకు రారు. అంత మంది ఉండి కూడా మీరు ఒకరినొకరు గుర్తుపట్టలేరు. మొన్న నీ తమ్ముడు వర్షంలో బండి జారి పడ్డాడని ఫోన్ చేస్తే, నువ్వు పడ్డచోటికి ఎవరు వచ్చారురా అని అడిగాను. రోడ్డు మీద పోయే మరో డెలివరీ పిలగాడు ఆగి లేపాడట, పేరు తెలియదట. చూశావా, ఆ పిలగాడు మా తువ్వాల పట్టినవాని వారసుడే. మనుషుల గుణం ఎక్కడికీ పోలేదు. వాళ్ల పేర్లు ఒక చోట రాసిపెట్టేవాడే లేడు. 2020 సామాజిక భద్రతా స్మృతి గిగ్ వర్కర్‌ను, ప్లాట్‌ఫామ్ వర్కర్‌ను మొదటిసారి చట్టంలో రాసింది. మాకు కూడా మొదట కాగితమే వచ్చింది, దాన్ని బియ్యంగా, బడి ఫీజుగా మార్చుకున్నది మేమే. రాసింది రాసినట్టు దానంతటదే మీ ఇంటికి రాదు.

అందుకని నువ్వు కొన్ని చేయాలని అడుగుతున్నాను, ఆజ్ఞ కాదు. నీ టీములో ఉన్న సగం మంది మొహాలు చూడలేదన్నావే, వాళ్లను పని మాటలు కాకుండా వేరే మాటలతో పలకరించు. ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరు, అద్దె ఎంత, జీతం ఎంత అని. జీతం ఒకరికొకరు చెప్పుకోవద్దని మీకు చెప్తారట. మా కాలంలో జీతం గోడ మీద రాసి ఉండేది, అందుకే ఎవరికి తక్కువ పడిందో అందరికీ తెలిసేది. ఐదారుగురు కలిస్తే నెలకు ఇంత చొప్పున ఒక చీటీ పెట్టుకోండి, ఎవరికైనా జబ్బు చేసినా ఉద్యోగం పోయినా ఆ నెల వాళ్లకు. డబ్బు చిన్నదైనా నెలకోసారి మాట్లాడుకునే పని పడుతుంది. మీ కంపెనీ భవనంలో ఊడ్చే అమ్మను, రాత్రి నిన్ను హాస్టల్ దాకా దింపే క్యాబ్ డ్రైవర్‌ను, గేటు దగ్గర నిలబడే ముసలాయనను కూడా లెక్కలో వేసుకోండి. మేము వేసుకోలేదు, ఆ సంగతి పైన రాశాను. వాళ్లను వదిలి మీరు కట్టుకునేది ఏదైనా మా యూనియన్లలాగే సగం కట్టిన గోడ అవుతుంది. నీ తమ్ముడు అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు రాయించుకున్నాడో లేదో కనుక్కో. బీమా గురించి యాప్‌లో ఏం రాసుందో వానితో తెలుగులో చదివించు, అర్థం కాని వాక్యం దగ్గర ఆగమను.

నువ్వు ఉద్యోగం మారితే బాధపడకు. మా నాయిన కుండ వదిలాడు, నేను తట్ట వదిలాను, మీ నాయిన బాయి వదిలి బడిలో పంతులయ్యాడు. ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు ఇక అయిపోయిందన్నారు. మారిన ప్రతిసారీ అక్కడ ఉన్నవాళ్లతో మళ్లీ మొదటి నుంచి కలవాలి, ఆ కష్టం మాత్రం తప్పదు. నీకు మంచి జంట దొరకాలని దీవిస్తున్నాను. పెళ్లి సంగతి కాదు లే, అది నీ ఇష్టం. పనిలో నువ్వు వంగినప్పుడు కప్పు మీద చెవి పెట్టే మనిషి సంగతి చెప్తున్నాను.

దసరాకు వచ్చేటప్పుడు నీ ఆఫర్ లెటరూ, జీతం స్లిప్పులూ తీసుకురా. పీఎఫ్ ఏ కంపెనీ పేరు మీద పడుతున్నదో, నీ వాటాతో పాటు వాళ్ల వాటా కూడా నీ జీతంలోంచే కోస్తున్నారేమో చూద్దాం. మా యూనియన్ ఆఫీసులో పనిచేసిన నా దోస్తు ఒకాయన ఇంకా ఓపికగానే ఉన్నాడు, కాగితాలు చూడడంలో ఆయనకు మంచి పేరు. నీ స్నేహితురాళ్లవి కూడా పట్టుకురా, ఒక రోజు ముందే బయలుదేరు. మీ మేనత్త కూడా వస్తానన్నది. లెక్కలు ఆమె చూస్తుంది.

నూరేండ్లు చల్లగా ఉండు,
మీ తాత